వద్దన్నవాళ్లకే పంపే పద్ధతి

పత్రికాఫీసులో ఉద్యోగం అనగానే మా బంధువులు నన్ను విలేకరి అనుకునేవారు. పెళ్లిళ్లలో పక్కన చేరి, ‘నువ్వు ఒక్కటి రాస్తే చాలమ్మా, ఆ మంత్రి సంగతి తేలిపోతుంది’ అని గుసగుసలాడేవారు. నేను రాసేదేమీ లేదు, ఒకరు రాసినదాన్ని ఇంకొకరికి పంపి, వాళ్లు చెప్పినదాన్ని తెచ్చి మళ్లీ రాసినవాళ్లకు అందించడమే నా పని అని చెబితే, ‘అంటే పోస్టాఫీసా?’ అంది మా పెద్దమ్మ. ఆమె మాటలో తప్పేమీ లేదు. చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను.

మాది నంద్యాల. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, మా ఆయన ఉద్యోగం వెంట ఢిల్లీ వచ్చి, ఒక వ్యవసాయ పరిశోధన పత్రిక ఆఫీసులో చేరాను. చేరినప్పుడు అది ఢిల్లీలో ఒక పాత మేడమీద ఉండేది. తర్వాత నోయిడాలో అద్దాల బిల్డింగుకు మారింది. అక్కడే రిటైరయ్యాను. ఈ మధ్య మా సొసైటీలోనే ఇద్దరు తెలుగు పిల్లలు ఇలాంటి ఆఫీసుల్లో చేరారు. లిఫ్టులో కలిసినప్పుడు, ‘ఆంటీ, పని ఎలా ఉంటుంది?’ అని అడుగుతారు. లిఫ్టు దిగేలోపు చెప్పగలిగే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, వీడ్కోలు సభలో కప్పిన శాలువా మీకు అక్కర్లేదు. పేర్లు మార్చాను. ఒకాయన పేరైతే మార్చి కూడా రాయను.

పేపరు నడిచే దారి

బయటివాళ్లకు తెలిసింది ఒక్కటే: శాస్త్రవేత్త పరిశోధన చేసి వ్యాసం రాస్తాడు, పత్రిక అచ్చు వేస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్నదే మన బతుకు. ఆ వ్యాసాన్ని మేం పేపరు అంటాం. పేపరు రాగానే ముందు ప్రధాన సంపాదకుడు చూస్తాడు. మన పత్రికకు పనికిరాదనిపిస్తే గుమ్మం దగ్గర్నుంచే తిప్పి పంపేస్తాడు. పనికొస్తుందనుకుంటే అదే విషయంలో పనిచేసే ఇద్దరికి పంపి అభిప్రాయం అడుగుతాం. వాళ్లే రివ్యూయర్లు. మా పత్రికలో పేపరు ఎవరిదో రివ్యూయర్‌కి తెలుస్తుంది, రివ్యూయర్ ఎవరో పేపరు రాసినవాళ్లకు ఎప్పటికీ తెలియదు. ఈ ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. ఈ పనిలో మంచీ చెడూ చాలావరకు ఇందులోంచే పుడతాయి.

రివ్యూయర్లకు జీతం లేదు, పేరు రాదు. అయినా చేస్తారు. కొందరు నిజంగా దేవుళ్లు. ఎక్కడో చిన్న కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ముక్కూ మొహం తెలియని విద్యార్థి పేపరును వాక్యం వాక్యం దిద్ది పంపేవాళ్లను చూశాను. కొందరు ఒప్పుకుని మాయమైపోతారు. ఒకాయన గుర్తుచేసినప్పుడల్లా కూతురి పెళ్లి పనుల్లో ఉన్నానని రాసేవాడు. ఆయన కూతుళ్ల సంఖ్య మీద మా ఆఫీసులో పందాలు కాసేవాళ్లం. ఇంకొందరు తమ వ్యాసాలను ఉదహరించలేదని కోప్పడి పేపరు కొట్టేస్తారు. ఇవన్నీ మీరు చేరిన ఏడాదిలోనే చూస్తారు. నవ్వుకుంటారు, విసుక్కుంటారు, అలవాటు పడతారు.

అలవాటు పడకూడనిది ఇంకొకటి ఉంది. దాని గురించి చెప్పాలంటే ముందు మా బాసు గురించి చెప్పాలి.

సూద్ సాహెబ్

మా ప్రధాన సంపాదకుడు ప్రొఫెసర్ సూద్. అందరం సూద్ సాహెబ్ అనేవాళ్లం. ఆయన దగ్గర నేర్చుకున్నంత నేను యూనివర్సిటీలో నేర్చుకోలేదు. సిఫారసు ఫోను వస్తే అవతలివాడు వైస్ చాన్సలర్ అయినా సరే, ‘రివ్యూ చల్ రహా హై’, ఇంకా రివ్యూ నడుస్తోంది, అని పెట్టేసేవారు. తన సొంత శిష్యుల పేపర్లను మొహమాటం లేకుండా కొట్టేసేవారు. కారప్పూస డబ్బా సొరుగులో పెట్టుకుని మనిషికింత పంచేవారు, తప్పు చేస్తే అందరి ముందూ కడిగేసేవారు. నిజాయితీపరుడు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇకమీద చెప్పేది విని మీరు ఆయన్ను దుర్మార్గుడు అనుకునే ప్రమాదం ఉంది. దుర్మార్గుల వల్ల జరిగే చెరుపు మనకు కనపడుతుంది, కాచుకోవచ్చు. నిజాయితీపరుడు ఒక నియమం పెట్టుకుంటే దానికి అడ్డుచెప్పేవాడు ఉండడు.

పేపరు పంపేటప్పుడు ఒక గడి ఉంటుంది: ‘ఈ పేపరును ఎవరికి పంపవద్దని మీరు కోరుకుంటున్నారు?’ అని. పోటీలో ఉన్నవాళ్లు, పాత తగాదాలు ఉన్నవాళ్లు ఉంటారు కదా, అందుకని. చాలామంది ఖాళీగా వదిలేస్తారు. పెద్ద పత్రికలు చాలావరకు ఆ కోరికను మన్నిస్తాయి. మా సూద్ సాహెబ్ మాత్రం ఆ గడిలో పేరు కనపడితే మొదట ఆ మనిషికే పంపేవారు.

ఇది పిచ్చి కాదు, దానికో కథ ఉంది. నేను చేరిన కొత్తలో ఒక పేరున్న సంస్థ నుంచి గోధుమ తెగులు మీద పేపరు వచ్చింది. కర్నాల్ పరిశోధన కేంద్రంలో ఉన్న ఫలానా ఆయనకు పంపవద్దు, ఆయనకు మేమంటే గిట్టదు అని గడిలో రాశారు. రివ్యూయర్లిద్దరూ బ్రహ్మాండం అన్నారు. సూద్ సాహెబ్‌కి ఎందుకో అనుమానం వచ్చి, వద్దన్న ఆయనకే పంపారు. ఆయన రెండే వాక్యాలు రాశాడు: మూడో బొమ్మా ఆరో బొమ్మా ఒకటే, ఆరోదాన్ని తలకిందులు చేసి పెట్టారు చూసుకోండి అని. చూస్తే అక్షరాలా నిజం. ఆ పేపరు అచ్చయి ఉంటే దాన్ని నమ్మి రైతులకు మందు కొట్టమని చెప్పేవాళ్లు. ఆ రోజు సూద్ సాహెబ్ బల్ల మీద చెయ్యి కొట్టి, ‘చూశారా రేణుకా జీ? ఎక్కడ చెయ్యి పెడితే అరుస్తాడో నొప్పి అక్కడే ఉంటుంది’ అన్నారు. ఆ రోజు నుంచి అది మా ఆఫీసు ఆచారమైపోయింది. దాని గురించి మా వెబ్‌సైటులో ఒక్క ముక్క లేదు. రాసేవాళ్లు మాత్రం పాపం మమ్మల్ని నమ్మి, భయపడే మనిషి పేరును వాళ్ల చేత్తో వాళ్లే రాసిచ్చేవాళ్లు.

నేను ఆ పద్ధతిని చాలాకాలం మెచ్చుకున్నాను కూడా. ఒకసారి గెలిచిన పద్ధతిని ఎవరూ ప్రశ్నించరు.

కదిరి పిల్ల పేపరు

పావని అనే పీహెచ్‌డీ విద్యార్థిని పేపరు వచ్చినప్పుడు శీర్షిక చూసి ఆగిపోయాను. అనంతపురం, కదిరి ప్రాంతాల వేరుశనగ. మా రాయలసీమ పంట మా పత్రికకు రావడమే అరుదు. వానల్లేని ఏడు వేరుశనగ గింజలో ఒక బూజు చేరుతుంది, దాన్నుంచి విషం పుడుతుంది. ఇది పాత సంగతే. ఆ అమ్మాయి కనిపెట్టింది వేరు. ఇళ్లల్లో ఆడవాళ్లు చేటలో పోసి ఏరి, మంచివని పక్కన పెట్టిన గింజల్లోనూ, కరువు ఏడాదిలో విషం ఉందని చూపించింది. కంటికి కనపడదు. ఆ గింజ పిల్లలు తింటారు, గానుగ ఆడించగా మిగిలిన చెక్క బర్రెలు తింటాయి, అది పాలల్లోకి వస్తుంది. ఊళ్లు తిరిగి, గుమ్మం గుమ్మం దగ్గర కూర్చుని, ఏరిన గింజలు వేరుగా, ఏరి పారేసినవి వేరుగా తెచ్చుకుని చేసిన పని. మేమందరం అలా ఏరిన గింజలు తిన్నవాళ్లమే.

వద్దన్న గడిలో ఒక ఆచార్యుడి పేరు రాసింది. కారణం రాయమన్న చోట మర్యాదగా, ‘మునుపటి పర్యవేక్షకులు. అభిప్రాయభేదాల వల్ల మారవలసి వచ్చింది’ అని పెట్టింది. ఢిల్లీలో పెద్ద ల్యాబ్ ఆయనది. మాకూ అప్పుడప్పుడూ రివ్యూలు చేసేవాడు.

నేను సూద్ సాహెబ్ గదిలోకి వెళ్లి చెప్పాను. “సర్, ఇది గోధుమ కేసులాంటిది కాదు. ఈ అమ్మాయి ఆయన ల్యాబ్ వదిలేసి వచ్చింది. ఆయనకు పంపితే పిల్ల నలిగిపోతుంది.”

“డర్ కిస్ బాత్ కా?” అన్నారాయన. “పని మంచిదైతే భయం దేనికి? ఆయనకంటే ఈ విషయం తెలిసినవాళ్లు దేశంలో ఎవరున్నారు, చెప్పండి.”

“తెలియడం వేరు సర్, తీర్పు చెప్పడం వేరు.”

“మీ ప్రాంతపు అమ్మాయి అని మీరు కరిగిపోతున్నారు” అన్నారు నవ్వుతూ. “ఒకరికి ఒక న్యాయం, ఇంకొకరికి ఇంకో న్యాయం నేను చెయ్యను. రూల్ ఈజ్ రూల్. రెండో రివ్యూయర్ని మీ ఇష్టం వచ్చినవాళ్లను పెట్టండి.”

పెట్టాను. లూధియానాలో నెమ్మదస్తురాలైన ఒక శాస్త్రవేత్త. ఆమె చిన్న చిన్న సవరణలు చెప్పి, పేపరు తప్పక వేయాలని రాసింది.

ఆచార్యుడు రెండు వారాల్లోనే పంపించాడు. ఆయన ఎప్పుడూ అంత త్వరగా పంపింది లేదు. మా ఫారంలో, ‘రచయితతో మీకు సంబంధం గాని, తగాదా గాని ఉందా?’ అన్న ప్రశ్నకు లేదు అని టిక్కు పెట్టాడు. ఆ రివ్యూ నేనింతవరకు చదివిన రివ్యూలన్నింటిలోకీ మర్యాదైనది. శ్రమ మెచ్చదగినది, విషయం ముఖ్యమైనది, యువ పరిశోధకులను ప్రోత్సహించాలి అన్నాడు. కోరింది ఒక్కటే. కరువు ఏడాది గింజలను పరీక్షించింది మామూలు కిట్టుతో కాబట్టి, అవే గింజలను పెద్ద యంత్రం మీద మరోసారి పరీక్షించి చూపాలి, అది లేకుండా ఫలితాన్ని నమ్మలేం అన్నాడు.

అన్యాయమైన ప్రశ్న కాదు. ఎవరైనా అడగదగిందే. లూధియానా ఆమెకు చూపిస్తే ఆమె కూడా, ‘అవును, అలా చేస్తే ఇంకా బలంగా ఉంటుంది’ అంది. సూద్ సాహెబ్ నా వైపు చూసి, ‘ఇందులో పగ ఎక్కడుంది రేణుకా జీ?’ అన్నారు. ఆ పరీక్ష చేసి పంపితే తీసుకుంటాం, లేకపోతే తీసుకోలేం అని ఆమెకు రాశాం. మా పద్ధతి ప్రకారం రివ్యూయర్లిద్దరికీ ఆ నిర్ణయం నకళ్లు వెళ్లాయి.

ఆఫీసుకు వచ్చింది

రాసినవాళ్లు ఆఫీసుకు రారు. రాకూడదని ఎక్కడా లేదు గాని, వచ్చినా ఎవరిని అడగాలో తెలియదు. పావని వచ్చింది. ఢిల్లీలో జియా సరాయ్ అనే చోట గదిలో ఉంటూ, మెట్రోలు మారి, నోయిడా ఎండలో నడిచి వచ్చింది. రిసెప్షన్లో నా పేరు చూసి, “మేడమ్, మీరు తెలుగా?” అంది. నంద్యాల అనగానే మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి నాకు భయం వేసింది. ఈ పిల్లకు నేను ఏమీ చేయలేనని నాకు అప్పటికే తెలుసు.

క్యాంటీన్లో కూర్చోబెట్టి టీ ఇప్పించాను. తాగలేదు.

“మేడమ్, ఆ పరీక్ష నేను చెయ్యలేను” అంది. “చెయ్యకూడదని కాదు. గింజలు నా దగ్గర లేవు. నేను ల్యాబ్ మారేటప్పుడు అన్నీ ఆడనే పెట్టి రావల్లన్నారు. ల్యాబ్ ఆస్తి అంట. మూటలు మూటలు నేను మోసుకొచ్చినవి. ఇప్పుడు ఆయన కోల్డ్ రూంలో ఉండాయి. తాళం ఆయన దగ్గర ఉంటాది.”

“ఈసారి పంటలోంచి మళ్లీ తెచ్చుకుని...” అన్నాను.

“కరువు మళ్లీ యాడ తెచ్చేది మేడమ్?” అంది. “పోయినేడు వానలు పడినాయి. మావాళ్లందరూ సంతోషంగా ఉండారు. నేనొక్కదాన్నే ఏడుస్తాండా.”

ఆ మాట విన్నాక నాకు ఆ మర్యాదపూర్వకమైన రివ్యూ మొత్తం అర్థమైంది. ప్రపంచంలో ఎవరు అడిగినా అది సరైన ప్రశ్న. ఒక్క ఆయన అడిగితే మాత్రం అది తలుపు మీద వేసిన తాళం. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు మేమే పిలిచి ఇచ్చాం.

“ఆయన్నే రివ్యూయర్‌గా పెట్టినారు కదా?” అంది సూటిగా. “నేను వద్దని రాసినా పెట్టినారు. ఆ గింజల సంగతి ఇంకెవరికి తెలుస్తాది?”

రివ్యూయర్ పేరు చెప్పడం మా వృత్తిలో పాపం. అవునన్నా పాపమే, కాదన్నా పాపమే, ఎందుకంటే కాదన్నది కూడా ఒక జవాబే. “అది నేను చెప్పకూడదమ్మా” అన్నాను. ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను టీ గ్లాసు వైపు చూశాను.

ఆ తర్వాత తన సంగతి చెప్పింది. ఆ ఆచార్యుడి దగ్గర మూడేళ్లు చేసింది. తన పనికి ఇంకొకరి పేరు ముందు పెట్టమన్నాడు, ఒప్పుకోలేదు, గైడును మార్చుకుంది. వాళ్ల యూనివర్సిటీలో ఒక పేపరైనా అచ్చు కానిదే థీసిస్ తీసుకోరు. ఇప్పటికే గడువు పొడిగించారు, ఇంక పొడిగించరు. “ఇది పడకపోతే ఇన్నేండ్ల చదువూ సున్నా మేడమ్. ఏం జేయల్లో చెప్పండి” అంది.

నియమాల ప్రకారం చెప్పగలిగింది ఒక్కటే: అప్పీలు. మా ప్రధాన సంపాదకుడి నిర్ణయం తప్పని మా ప్రధాన సంపాదకుడికే రాసుకోవడం. రాసింది. గింజలు ఎక్కడున్నాయో, ఎవరి అధీనంలో ఉన్నాయో అన్నీ రాసింది. సూద్ సాహెబ్ చదివి పక్కన పెట్టారు. “పాపం” అన్నారు. నిజంగానే అన్నారు. తర్వాత, “కానీ రేణుకా జీ, జాలితో డేటా బలపడదు. రచయిత దగ్గర నమూనాలు లేకపోవడం సైన్సు సమస్య కాదు” అన్నారు. ఆ ఆచార్యుణ్ని నమూనాలు ఇమ్మని మీరు అడగండి అన్నాను. ఎలా అడుగుతాం, అడిగితే ఆయనే రివ్యూయర్ అని ఆమెకు తెలిసిపోదా అన్నారు. గోప్యత ఎవరిని కాపాడడానికి పుట్టిందో, ఎవరిని కాపాడుతోందో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. పేపరు తిరస్కరించాం.

కొత్తగా చేరేవాళ్లకు ఇక్కడ ఒక మాట. రివ్యూలో ప్రశ్న సరైనదా కాదా అని మాత్రమే చూడమని మీకు శిక్షణలో చెబుతారు. అది చాలదు. అడిగినవాడెవరు, ఆ జవాబు ఎవరి చేతిలో ఉంది, ఇది కూడా చూడాలి. వరసగా అన్ని వాక్యాలూ న్యాయంగా ఉండి మొత్తం మీద అన్యాయమైన కాగితాలు ఉంటాయి. వాటిని ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోదు. ఇక వద్దన్నవాళ్లకు పంపాలనే తెలివి మీ బాసుకు కూడా ఉంటే, కనీసం ఆ గడి పక్కన ఆ సంగతి రాయమని పోట్లాడండి. నేను పోట్లాడాను, గెలవలేదు. ఆ గడి ఇప్పటికీ అలాగే ఉంది.

మళ్లీ అవే గింజలు

ఏడాది తిరిగాక ఆ ఆచార్యుడి ల్యాబు నుంచి మాకు ఒక పేపరు వచ్చింది. అనంతపురం, కదిరి వేరుశనగ. కరువు ఏడాది. ఏరిన గింజలు, ఏరేసిన గింజలు. పెద్ద యంత్రం మీద చేసిన పరీక్ష. మాకే ఎందుకు పంపాడంటే, ఏం చేసి తెస్తే తీసుకుంటామో మేమే ఆయనకు రాతపూర్వకంగా చెప్పాం కదా, నిర్ణయం నకలు పంపి. రాసినవాళ్లలో పావని పేరు లేదు. చివర కృతజ్ఞతల్లో, నమూనాల సేకరణలో సహకరించిన వారందరికీ అని ఉంది. ఆ ‘అందరిలో’ ఆమె ఉందనుకోవాలి.

వద్దన్న గడిలో ఒక పేరు ఉంది. పావని. కారణం: మా ల్యాబుపై వ్యక్తిగత ద్వేషం.

ఆ పేపరు ప్రింటు తీసి సూద్ సాహెబ్ బల్ల మీద పెట్టాను. ఆయన మొదటి పేజీ చదివారు, గడి చదివారు, కళ్లజోడు తీసేశారు. అన్నేళ్లలో మొదటిసారి ఆయన నాకు ముసలివాడిలా కనిపించారు.

“సర్, ఆయన ఫారంలో తగాదా లేదని అబద్ధం రాశాడు. రివ్యూ పేరుతో తెలుసుకున్నదాన్ని సొంతానికి వాడుకున్నాడు. వాళ్ల సంస్థకు రాద్దాం” అన్నాను.

“ఏమని రాద్దాం?”

“జరిగింది జరిగినట్టు.”

“జరిగింది ఏమిటి?” అన్నారు నెమ్మదిగా. “ఆ అమ్మాయి వద్దని రాసింది. కారణం కూడా రాసింది. తెలిసి తెలిసి నేను పంపాను. ఉత్తరంలో మొదటి వాక్యం అదే కావాలి. రాస్తే ఈ పత్రిక ఉంటుందా? ఇన్నేళ్లలో ఇంకెవరెవరికి అలా పంపామో అందరూ లేచి అడగరా?”

ఆయన లేచి కిటికీ దగ్గరకు వెళ్లారు. కింద ఆఫీసు క్యాబులు వరసగా నిలబడి ఉన్నాయి. కాసేపటికి తిరిగి, మొహంలో కాస్త ప్రాణం వచ్చినట్టు, “ఆమెకే పంపండి” అన్నారు.

“ఎవరికి?”

“ఆ అమ్మాయికి. గడిలో పేరు ఉంది కదా. అందరికీ ఒకటే రూలు. ఆమె ఏం రాస్తే అదే నా నిర్ణయం. కొట్టేయమంటే కొట్టేస్తాను. మాట ఇస్తున్నాను.”

ఆయన దీన్ని న్యాయం అనుకున్నారు. ముల్లును ముల్లుతో తీసేశాననుకున్నారు. నాకు మాత్రం, మోయలేని బరువును ఆ పిల్ల నెత్తికెత్తుతున్నారనిపించింది. అయినా ఆమె చేతికి ఒక్క అవకాశమైనా వస్తోందని, ఒప్పుకున్నాను.

ఆమె యూనివర్సిటీ మెయిలు పనిచేయలేదు. చదువు ఆగిపోయినవాళ్ల ఖాతాలు మూసేస్తారు. సొంత మెయిలుకు ఆహ్వానం పంపి, ముందుగా ఫోన్ చేశాను. వెనక గోల వినపడింది. ముఖర్జీ నగర్లో ఒక కోచింగ్ సెంటర్లో సివిల్స్ పిల్లలకు పర్యావరణం పాఠం చెబుతోందట. “ఒక్క నిమిషం మేడమ్” అని మెట్ల మీదకు వచ్చింది. థీసిస్ సంగతి అడగలేదు, ఆమే చెప్పింది. “పోయింది మేడమ్” అంది, ఊరి బస్సు పోయింది అన్నట్టు.

పేపరు సంగతి చెప్పాను. ఇదీ చెప్పకూడనిదే, కానీ ఆహ్వానంలో ఎలాగూ ఉంది. ఆమె ఏం రాస్తే అదే నిర్ణయమని కూడా చెప్పాను. ఎవరో హిందీలో ‘దీదీ, క్లాస్?’ అని పిలిచారు.

“యంత్రం మీద ఎంత వచ్చిందంట?” అంది చివరికి.

చెప్పాను. ఆమె పేపరులో ఉన్నదానికి దాదాపు అంతే.

“చూసినారా? నేను చెప్పిందే వచ్చింది” అంది. ఆ ఒక్క క్షణం ఆ గొంతులో సంతోషం వినిపించింది. ఆ సంతోషం వినడం కంటే ఆమె తిట్టినా నాకు బాగుండేది.

“పావనీ, నువ్వు తప్పు అని రాస్తే సూద్ సాహెబ్ ఆ పేపరు...”

“తప్పని ఎట్ల రాసేది మేడమ్? అవి సరైనవే కదా. నా గింజలే కదా. తప్పని రాస్తే నా పని తప్పని నేనే రాసినట్లు. అందులోనూ ఊర్లో ఆడోళ్లు ఇంకా అట్లనే ఏరుకుని తింటాండారు. సరైనవని రాస్తే, ఆయనదేనని నేను వేలిముద్ర వేసినట్లు. మీరు చెయ్యాల్సిన న్యాయం నన్ను చెయ్యమంటాండారు. మీ సారుకు చెప్పండి. నాకు క్లాసుంది మేడమ్.”

సాయంత్రానికి ఆహ్వానానికి జవాబు వచ్చింది. రివ్యూ చేయలేనని నొక్కితే, మా సాఫ్ట్‌వేరు ఒక కారణం ఎంచుకోమంటుంది. తీరిక లేదు, రచయితలతో తగాదా ఉంది, ఈ విషయంలో పరిజ్ఞానం లేదు, ఇతరములు. తగాదా ఉంది అన్నదాన్ని నొక్కుతుందనుకున్నాను. ఇతరములు నొక్కి ఏమైనా రాస్తుందేమో అని కూడా ఆశపడ్డాను. ఈ విషయంలో పరిజ్ఞానం లేదు అన్నదాన్ని ఎంచుకుంది.

నేను అది సూద్ సాహెబ్‌కు చూపించాను. ఆయన చదివారు. మళ్లీ చదివారు. తర్వాత స్క్రీను నా వైపు తిప్పి, తల ఎత్తకుండా, “అగ్‌లా రివ్యూయర్ కౌన్ హై?” అన్నారు.

జాబితాలో తర్వాతి పేరు చదివి వినిపించాను.